నల్లరేకు మీద గరుకమ్మ పగ

మా ఇంట్లో ఆరేళ్ళపాటు ఒకే ఒక్క కోరిక ఉండేది. బ్యాటరీల ఫ్యాక్టరీలో మేనేజరుగా వెలగబెడుతున్న ఒక పెద్దమనిషి నలుగురి ముందు నోరు తెరిచి, "వేడి పెంచమన్నది నేనే" అనాలి. అంతే. ఆ ఒక్క మాట వాడి నోట కక్కించాలని మా వదిన పళ్ళు నూరుతుండేది. నేనేం తక్కువ తినలేదు, నేనూ నూరేదాన్ని. వాడి పేరు మా ఇంట్లో ఎత్తేవాళ్ళం కాదు. వాడు అంటే వాడే.

మా వదినంటే మా ఆయనకు అక్క, నాకు ఆడపడుచు. పెళ్ళయిన ఏడాదికే మొగుణ్ణి వదిలేసి తమ్ముడి ఇంటికి వచ్చేసింది. ఎందుకొచ్చేశావని ఒకసారి అడిగితే, "ఆయన మరీ మెత్తనే. నాతో కాపురం చేస్తే అరిగిపోతాడని జాలేసి వదిలేశా" అంది. పనిచేసే చోట ఆమెను గరుకమ్మ అనేవాళ్ళు. గరుకు కాగితంతో సానపట్టడం తన పని గనక అలా పిలుస్తున్నారని ఆమె అనుకునేది. ఆమె నోటి ధాటి తెలిసినవాళ్ళు నవ్వుకుని ఊరుకునేవాళ్ళు.

ఆ చోటు ఒక పరీక్షల ల్యాబు. పెద్ద భవనం, కింది అంతస్తులో సానగది. తిరిగే చక్రాలు నాలుగు, రెసిన్ వాసన, అద్దం తలుపు. ఫ్యాక్టరీలు తమ సరుకు ముక్కలు పంపితే, అందులో ఏమేం కలిశాయో, లోపల ఎలా ఉందో ఆ ల్యాబువాళ్ళు తేల్చి చెబుతారు. ఎక్కువగా వచ్చేది బ్యాటరీలో ఉండే నల్లరేకు. రాగి రేకు మీద గ్రాఫైట్ పొడీ జిగురూ కలిపి పూసి, ఆరబెట్టి, రోలర్ల కింద నొక్కుతారు. పైకి నున్నగానే కనబడుతుంది గానీ లోపలంతా సందులే. పొడి రేణువుల మధ్య ఉండే ఆ సన్న రంధ్రాల్లోకి ద్రవం దిగాలి. దిగితేనే బ్యాటరీ సక్రమంగా పనిచేస్తుంది. రంధ్రాలు ఎన్ని, పైన ఎన్ని, కింద ఎన్ని, జిగురు ఎక్కడ చేరింది, ఇవన్నీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కగడతారు.

లెక్క సరిగ్గా రావాలంటే రేకును అడ్డంగా కోసి, ఆ కోత ముఖాన్ని అద్దంలా నునుపు చెయ్యాలి. అక్కడే ఉంది తిప్పలంతా. చెయ్యి కాస్త మోటుగా పడితే రేణువులు ఊడి వచ్చేస్తాయి. ఊడినచోట గుంట పడుతుంది. ఆ గుంటను రంధ్రమనుకుంటే లెక్క మొత్తం తప్పు. అందుకని ముందు గాలి లాగేసే పాత్రలో పెట్టి రేకు సందుల్లోకి పాకంలా ఉండే రెసిన్ ఎక్కిస్తారు. అది గట్టిపడ్డాక గరుకు కాగితం, తర్వాత సన్న కాగితం, చివరికి వజ్రపు పొడి. మా వదిన చేతి కింద ఒక్క రేణువు ఊడేది కాదు. మైక్రోస్కోపు గదికి పెద్ద అయిన మేడమ్ మా వదినకంటే చిన్నది. ఆమెను అక్కా అని పిలిచేది. "అక్క సానపట్టిన ముక్కలో గుంట కనిపించిందంటే అది నిజంగా ఉన్న గుంటే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ మాట ఇంటికొచ్చి మాకు చెప్పుకుని మా వదిన ఎంత మురిసిపోయేదో! పొగడ్తంటే తనకు పడదని పైకి అనేది, మళ్ళీ ఇంకొకసారి చెప్పేది.

ఇక మా ఆయన సంగతి. అదే నల్లరేకు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆరబెట్టే ఓవెన్ దగ్గర పని. పూత పూసిన రేకు పొడుగాటి ఓవెన్లోంచి మెల్లగా నడిచి రావాలి. ఒక ఆర్డరు తొందరలో ఉందని వాడు వచ్చి వేడి పెంచమన్నాడు, రేకును వేగంగా నడపమన్నాడు. మా ఆయన వద్దన్నాడు. "నీకు జీతమిచ్చేది సలహాలకా?" అన్నాడట వాడు. కొన్నాళ్ళకు ఆ రేకులతో చేసిన బ్యాటరీలు చార్జింగ్ గదిలోనే అంటుకున్నాయి. గది కాలిపోయింది. అక్కడ పనిచేసే ఒకామెకు మోచెయ్యి దాకా చర్మం ఊడింది. విచారణలో వాడు చేతులు దులుపుకున్నాడు. ఓవెన్ మనిషి పని తొందరగా ముగించుకుని నిద్రపోదామని తనంతట తానే వేడి పెంచాడని చెప్పాడు.

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. నేను కాదంటే నేను కాదన్నాడు, అంతకుమించి అనలేకపోయాడు. ఆ రోజు నుంచి ఆయనకు కొరివి అని పేరు పడింది. ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళినా ఆ పేరు ఈయనకంటే ముందే వెళ్ళి కూర్చునేది. చివరికి ఒక గోదాములో అట్టపెట్టెలు కట్టే పనికి కుదిరాడు. వీధిలో ఎవరింట్లోనైనా వైరు మాడితే, "కొరివి ఇటుగానీ వచ్చాడా?" అని నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు. ఆయన నవ్వినప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది.

ఆ ల్యాబులో ఒక పద్ధతి ఉంది. సానగదికి వచ్చే ముక్క మీద అంకె తప్ప ఇంకేమీ ఉండదు. ఏ ఫ్యాక్టరీదో, గొడవేమిటో సానపట్టేవాళ్ళకు చెప్పరు. తెలిస్తే చెయ్యి ఒకవైపు వాలుతుందని. మంచి పద్ధతే. కానీ వాడికి పద్ధతులతో పనేముంది? ఒక ఉదయం మేడమ్ వెనకాలే సానగదిలోకి నడిచి వచ్చేశాడు. మేడమ్ వెనక్కి తిరిగి, "సార్, ఇక్కడికి రాకూడదు" అంటున్నా వినలేదు. నేరుగా మా వదిన బల్ల దగ్గరకొచ్చి, అప్పుడే తెచ్చిన డబ్బా మీద వేలితో కొట్టాడు.

"జాగ్రత్తమ్మా, ఇది మా రేకు. కొనేవాళ్ళు దీని మీద గొడవ పెడుతున్నారు, పెద్ద ఆర్డరు ఆధారపడి ఉంది. పనివాళ్ళ నిర్లక్ష్యం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మా దగ్గర ఒకడుండేవాడు, నిద్ర కోసం కొంప తగలబెట్టాడు. ఇప్పటికీ మీటింగుల్లో వాడి కథే చెబుతుంటా. జనం తెగ నవ్వుతారు."

మా వదిన ముఖానికి మాస్కు, కళ్ళకు అద్దాలు. వాడు గుర్తుపట్టలేదు. అయినా గుర్తుపట్టడానికి అసలు ఎప్పుడైనా చూశాడు గనకనా? "అలాగే సార్, మీ రేకును ప్రత్యేకంగా చూసుకుంటా" అంది. ఆ మాట అన్నప్పుడు తన గొంతు చక్కెరలా ఉందని తర్వాత మాకు చెప్పింది. మా వదిన గొంతు చక్కెరలా ఉందంటే అవతలివాడికి మూడిందని నాకు తెలుసు. వాడికి తెలియదుగా.

ఆ రోజంతా ఆమె వాడి రేకుతోనే కూర్చుంది. గాలి లాగే పాత్ర జోలికి పోకుండా రెసిన్‌ను మామూలుగా పోసేసింది. సందుల్లోకి సరిగ్గా దిగలేదు. దిగకూడదనే పోసింది. గట్టిపడ్డాక ముతక కాగితం మీద పెట్టి, పైపొర వైపు నుంచి కావాలనే అదిమి నూరింది. రేణువులు ముద్దలు ముద్దలుగా ఊడాయి. అంతటితో వదిలేస్తే మేడమ్ పట్టేసేది. ఎందుకంటే ఊడిన గుంట ఖాళీగా కనబడుతుంది, అసలు రంధ్రమైతే రెసిన్ నిండి ఉంటుంది. అందుకని గుంటల మీద రెండోసారి రెసిన్ పోసి, ఈసారి గాలి లాగించి, ఒక్క గుంటా ఖాళీ లేకుండా నింపింది. ఆపైన సన్న కాగితం, వజ్రపు పొడి. కోత ముఖం అద్దంలా మెరిసింది. దొంగ రంధ్రాలకు నిజం రంధ్రాల వేషం వేసింది. అంత నాజూకైన పని తన జన్మలో చెయ్యలేదని ఆమే చెప్పింది.

మర్నాడు మేడమ్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. రంధ్రాలు లెక్కగట్టింది. జిగురులో ఫ్లోరిన్ అనే మూలకం ఉంటుందట, అది ఎక్కడెక్కడ ఉందో చూసి జిగురు పటం కూడా తీసింది. ఎక్కడా అనుమానం రాలేదు. ముక్క ఎవరి చేతి మీదుగా వచ్చిందో తెలుసుగా.

ఆ సాయంత్రం మా వదిన ఇంటికి రావడమే నవ్వుతూ వచ్చింది. చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి మొత్తం కథ చెప్పింది. నేను గరిటె పక్కన పడేసి ఆమెను కావలించుకున్నాను. సిగ్గేమీ లేదు, నా కడుపు మంట చల్లారింది. మా ఆయన గోడకు ఆనుకుని టీ తాగుతున్నాడు.

"పైపొరంతా జల్లెడ చేసి పెట్టాన్రా తమ్ముడూ! అంత పుచ్చిపోయిన రేకును ఎవడు కొంటాడో చూస్తా" అంది.

మా ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "పైన రంధ్రాలు ఎక్కువున్నాయని వచ్చిందా లెక్కలో?"

"కింద కంటే పైనే ఎక్కువ."

"జిగురు?"

"పైన ఏమంత లేదని పటం వచ్చింది. పైపొర సగం నా కాగితానికే అంటుకుపోయిందిగా!"

అప్పుడు ఆయన అన్న మాటలు నాకిప్పటికీ చెవుల్లో ఉన్నాయి. "అక్కా, వాడికి కావాల్సింది అదే. వేడి ఎక్కువైతే పూత పైన ముందే ఆరిపోతుంది. ఆరే తడి తనతో పాటు జిగురునంతా పైకి లాక్కొస్తుంది. పాల మీద మీగడలా పైన జిగురు కట్టేస్తుంది. రంధ్రాలు మూసుకుపోతాయి, ద్రవం లోపలికి దిగదు. చార్జింగ్ పెడితే లోపలికి పోవాల్సిన లోహం పైనే పేరుకుని మంట పుట్టిస్తుంది. ఆ రోజు గది అంటుకున్నది అందుకే. కొనేవాళ్ళు ఇప్పుడు గొడవ పడుతున్నారంటే వాడు ఇంకా అలాగే కాలుస్తున్నాడన్నమాట. నువ్వు ఆ మీగడంతా గీకేసి, వాడి రేకు బంగారంలా ఉందని రాయించావు."

మా వదిన గుమ్మంలోనే చతికిలబడింది. "ఇన్నేళ్ళలో ఇది నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు అడగలేదు. వాణ్ణి తిట్టడమే సరిపోయింది మనకి."

నిజమే. ఆరేళ్ళు ఒకే గిన్నెలో తిన్నాం, వాణ్ణి తిట్టని పూట లేదు. ఆ వేడికి రేకు లోపల ఏమవుతుందని మాలో ఒక్కరం అడగలేదు. ఆమె చూసేది రేకు లోపలే, ఆయన చేసింది ఆ రేకునే. ఇద్దరూ ఒకే చూరు కింద పడుకున్నారు. ఆలోచిస్తే నా నెత్తిన నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

నేను వెంటనే ఒక ఉపాయం చెప్పాను. పొరపాటున ముక్క పాడైందని చెప్పి ఇంకోటి సానపడతానని అడగమన్నాను. మా వదిన తల అడ్డంగా ఊపింది. "మేడమ్ ఒప్పుకోదే. ముక్క అద్దంలా ఉంది, పాడైందంటే ఎక్కడ పాడైందో చూపించమంటుంది. గుంటలు దొంగవని చెప్పాలి. దొంగవని నాకెలా తెలుసంటే, చేసింది నేనే కాబట్టి."

"అయితే నోరు మూసుకో వదినా. ఆ పని పోతే ఏమైపోతావు?"

ఆమె నావైపు కొరకొరా చూసింది. "నా చెయ్యి పోయినా ఫరవాలేదు గానీ, వాడు నా చేతి మీదుగా బయటపడతాడా? చస్తే ఒప్పుకోను" అంది.

మర్నాడు రిపోర్టు వెళ్ళేలోపే మేడమ్ గదికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేసింది. తమ్ముడి సంగతీ దాచలేదు. మేడమ్ అరుస్తుందనుకుంది. అరవలేదట. కంప్యూటరు తెర మీద ఉన్న ఆ రేకు బొమ్మను అలా చూస్తూ కూర్చుందట.

"ఈ ముక్క సంగతి వదిలెయ్యండి. ఇంతకాలం మీరు చేసిన ప్రతి ముక్కనూ నేనిప్పుడు మళ్ళీ అనుమానించాలి. అందులో ఏది నిజమో నాకెలా తెలుస్తుంది?"

"అవన్నీ నిజమేనమ్మా."

"మీరు చెబితే నమ్మాలా?"

అక్కా అనే పిలుపు ఆ రోజుతో ఆగిపోయింది. మా వదినను సానగది లోంచి తీసేసి గాజుపాత్రలు కడిగే చోట వేశారు. పూర్తిగా వెళ్ళగొట్టకపోవడం మేడమ్ దయేనని అందరూ అన్నారు. మా వదిన మాత్రం వెళ్ళగొట్టినా బాగుండేదంది. తిరిగే చక్రాల చప్పుడు ఆ గదికి వినబడుతుందట. ఎవరో మోటుగా నూరుతున్నట్టు తెలుస్తుందట, వెళ్ళి ఆపడానికి లేదు.

మొదటి లెక్క చెల్లదని కబురు వెళ్ళేసరికి వాడు నిప్పులు చెరుగుతూ వచ్చాడు. గరుకమ్మ ఎవరి అక్కో వాడికి తెలిసిపోయింది. పగతో చేశారు, ఈ ల్యాబు మీద నాకు నమ్మకం లేదన్నాడు. మేడమ్ ఒకటే అంది. "మీ రేకు చుట్టలోంచి మీకు నచ్చిన చోట మీరే కోసివ్వండి. ఈసారి సానపట్టేది వేరేవాళ్ళు. కొనేవాళ్ళ మనిషి కూడా పక్కనే కూర్చుంటాడు." కాదనే దారి లేక ఒప్పుకున్నాడు. చుట్ట మోసుకురావడానికి ఓవెన్ దగ్గర పనిచేసే మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. మా ఆయన తర్వాత ఆ పనిలో చేరినవాడతను.

సానపట్టింది రాళ్ళాయన. మా వీధి చివరే ఇల్లు, ల్యాబులో రాతి నమూనాలు కోసే ముసలాయన. ఇవన్నీ నాకు చెప్పింది ఆయనే. చేతి వాటం మోటే అయినా ఒళ్ళు దగ్గర పెట్టుకుని, గాలి లాగించి, రెసిన్ ఎక్కించి, రెండు రోజులు కూర్చుని నునుపు చేశాడు. తెర మీద బొమ్మ వచ్చింది. రేకు అడుగున రంధ్రాలు బాగానే ఉన్నాయి. పైకి వచ్చేకొద్దీ మూసుకుపోయాయి. జిగురు పటంలో పైఅంచు పొడుగునా మందంగా ఒక గీత.

వాడు మళ్ళీ పాత పాటే ఎత్తుకున్నాడు. "ఓవెన్ దగ్గరి వాళ్ళు చెప్పిన మాట వినరు. ఇష్టమొచ్చినట్టు పెంచేస్తారు. గతంలోనూ ఒకడు ఇలాగే..."

కొనేవాళ్ళ మనిషి అడిగాడు. "ఆ గతంలోవాడు మీ దగ్గర మానేసి ఎన్నాళ్ళయింది?"

"ఆరేళ్ళు."

"మరి ఇది పోయిన నెల రేకు కదా?"

గోడ దగ్గర నిలబడ్డ ఓవెన్ మనిషికి అప్పుడు వెలిగింది, ఈసారి ఎవరి మెడకు చుట్టబోతున్నారో. "సార్, నా మీదికి తోయకండి. తగ్గిద్దామని నేనే మీ కాళ్ళావేళ్ళా పడ్డాను. మీరు వద్దంటేనే కదా" అన్నాడు.

అంతే, వాడికి అరికాలి మంట నెత్తికెక్కింది. బల్ల మీద గుద్ది లేచాడు. "అవునయ్యా! వేడి పెంచమన్నది నేనే! అప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే! ఆర్డరు అందకపోతే పైవాళ్ళు పట్టుకునేది నన్నా, నిన్నా?" అని అరిచాడు. అరిచాక గానీ ఏమన్నాడో వాడికే తెలియలేదట. తెలిసి కూర్చుందామని చూస్తే కుర్చీ వెనక్కి జరిగిపోయి ఉంది.

ఇదంతా రాళ్ళాయన ఆ సాయంత్రం కిరాణా కొట్టు ముందు నిలబడి నాకు చెప్పాడు. ఆర్డరు పోయింది. వాడి ఉద్యోగం ఇక ఎన్నాళ్ళో ఉండదని ఆ గదిలోనే అందరికీ అర్థమైంది. నాకు అక్కడికక్కడ గంతులెయ్యాలనిపించింది.

"మా వదిన విందా బాబాయ్?" అని అడిగాను.

"ఎక్కడమ్మా! ఆమెను లోపలికి రానివ్వలేదుగా. అద్దం అవతల చేతిలో గాజుపాత్ర పట్టుకుని నిలబడింది. వాడి నోరు ఆడటం చూసింది గానీ ఒక్క ముక్క వినబడి ఉండదు. నేను బయటికి రాగానే ఏమన్నాడో మాట పోకుండా చెప్పమంది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది. పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు నాతో పాటు తనూ అంది. ఏడుస్తుందేమో అనుకున్నా. ఏడవలేదు."

నేను ఇంటికి వెళ్ళేసరికి మా వదిన వచ్చేసింది. మా ఆయన ఎదురుగా పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పడం అప్పుడే ముగించినట్టుంది. ఆయన ముఖంలో సంతోషమేమీ లేదు. ఇన్నేళ్ళలో ఎంతోమంది ఆయనకు ఏవేవో చెప్పారు. వాడు పశ్చాత్తాపపడుతున్నాడన్నారు, మళ్ళీ పనిలోకి పిలుస్తాడన్నారు. అన్నీ ఉత్త కబుర్లే అయ్యాయి.

"ఎవరో చెబితే విన్నావా, నువ్వే విన్నావా అక్కా?" అన్నాడు. "నీ చెవులతో?"

మా వదిన నావైపు చూసింది. నేను రాళ్ళాయనతో మాట్లాడి వస్తున్నానని నా ముఖం చూడగానే ఆమెకు తెలిసిపోయింది. నేను సంచిలోని సరుకులు డబ్బాల్లో సర్దడం మొదలుపెట్టాను.

"నా చెవులతోనే విన్నాన్రా" అంది. "వాడికి ఎదురుగానే నిలబడ్డాను."

"ఏమన్నాడు?"

"వేడి పెంచమన్నది నేనే, అప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే అన్నాడు. బల్ల గుద్ది మరీ అన్నాడు. అందరూ విన్నారు. ముఖం మాడిపోయింది వాడికి. కూర్చోబోతే కుర్చీ లేదు."

మా ఆయన రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి తలెత్తి, చిన్నపిల్లాడిలా, "మళ్ళీ చెప్పు" అన్నాడు.

మా వదిన మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఈసారి వాడి చేత మా ఆయన పేరు పలికించి క్షమాపణ అడిగించింది, చివర్లో ఏడిపించింది కూడా. నేను కాదనలేదు.